ఎమర్జెన్సీ మాత్ర దగ్గరే ఆగిపోకండి: హాస్టల్లో ఉండే అమ్మాయిలు గర్భనిరోధం ఎలా వాడాలి

యూనివర్సిటీ గేటుకి ఎదురుగా ఉన్న మందుల షాపులో ఫార్మసిస్టుగా పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. సాయంత్రం ఏడు దాటాక, కౌంటర్ దగ్గర ఎవరూ లేని సమయం చూసుకుని ఒక అమ్మాయి వస్తుంది. ముందు జ్వరం బిళ్లలు అడుగుతుంది, తర్వాత ప్యాడ్స్ ప్యాకెట్ అడుగుతుంది. డబ్బులు ఇచ్చేటప్పుడు ఫోన్ నా వైపు తిప్పి చూపిస్తుంది. అందులో ఎమర్జెన్సీ మాత్ర పెట్టె ఫొటో ఉంటుంది. "ఇది కూడా అక్కా." "ఎన్ని గంటలైందమ్మా?" అని అడిగితే తల దించుకుంటుంది. చాలామందికి ఆ లెక్క కావాలని కూడా తెలియదు.

కిందటి వానాకాలంలో ఒకే అమ్మాయి ఒకే నెలలో మూడోసారి వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి మాట్లాడితే, "ఒకసారి వేసుకుంటే ఆ నెలంతా భయం లేదనుకున్నాను అక్కా, తర్వాత ఫ్రెండ్ కాదని చెప్పింది" అంది. ఎం.ఎస్సీ. చదువుతున్న పిల్ల. ఆ రోజు బిల్లు కాగితం వెనక ఆమెకి రాసిచ్చినవే ఇక్కడ కొంచెం పెంచి రాస్తున్నాను, ఎందుకంటే అవే ప్రశ్నలు వారానికి నాలుగుసార్లు వస్తున్నాయి. నేను డాక్టర్ని కాను. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో మాత్రం ప్రతిచోటా చెబుతాను. ఇది 18 నిండినవాళ్ల కోసం రాసింది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పోయిన నెలసరి మొదలైన తేదీ. "పదో తారీఖు ప్రాంతంలో" అని కాదు, సరైన తేదీ. ఫోన్ క్యాలెండర్‌లో ఒక చుక్క పెట్టుకున్నా చాలు.
- కలయిక జరిగిన రోజు, గంట.
- మీరు రోజూ వాడే మందుల పేర్లు. ముఖ్యంగా టీబీకి, ఫిట్స్‌కి వాడేవి.
- కండోమ్ ప్యాకెట్ ఒకటి, ఇంట్లో చేసుకునే గర్భ పరీక్ష కిట్ ఒకటి. రెండింటికీ డాక్టర్ చీటీ అక్కర్లేదు.

మొదటి భాగం: జరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి

1. గంటలు లెక్కపెట్టండి. ఐ-పిల్, అన్‌వాంటెడ్ 72 లాంటి ఎమర్జెన్సీ మాత్రల్లో ఉండేది లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. 72 గంటల్లోపు వేసుకోవాలి. పెట్టె మీద 72 అని ఉందని మూడో రోజు దాకా ఆగకండి. ఈ మాత్ర చేసే పని అండం విడుదలని వెనక్కి నెట్టడం. అండం అప్పటికే విడుదలైపోతే అది చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే 12వ గంటలో వేసుకున్న మాత్రకీ 70వ గంటలో వేసుకున్న మాత్రకీ తేడా ఉంటుంది. హాస్టల్ గేటు మూసేశారని రేపటికి వాయిదా వేయకుండా, దొరికిన మొదటి అవకాశంలోనే వేసుకోండి.

72 గంటలు దాటిపోతే ఇంకో దారి ఉంది. 5 రోజుల్లోపు గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లి కాపర్-టి, అంటే గర్భసంచిలో అమర్చే చిన్న రాగి పరికరం, వేయించుకోవచ్చు. ఎమర్జెన్సీ పద్ధతులన్నింటిలోకీ ఎక్కువ నమ్మదగినది అదే, తర్వాత కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పిల్లలు పుట్టనివాళ్లకి వేయకూడదని కొందరు అంటారు. వైద్యపరంగా అలాంటి నిషేధం లేదు.

2. నెలసరి తేదీ చూసుకోండి. డేట్ ఇప్పటికే దాటిపోయి ఉంటే ముందు పరీక్ష చేసుకోండి. గర్భం నిలిచాక ఈ మాత్ర వేసుకున్నా ఉపయోగం లేదు. ఇది అబార్షన్ మాత్ర కాదు.

3. పెట్టె చదవండి. ఎమర్జెన్సీ మాత్ర పెట్టెలో ఒకే ఒక్క బిళ్ల ఉంటుంది. ఐదు బిళ్లలున్న కిట్ చేతికొస్తే అది గర్భస్రావానికి వాడే మందు, పూర్తిగా వేరు. రెండింటి పేర్లూ దగ్గరగా ఉండటంతో ఫ్రెండ్‌ని పంపి తెప్పించుకున్నప్పుడు తారుమారు అవుతుంటాయి. పేరుతో పాటు "లెవోనార్జెస్ట్రెల్ 1.5" అన్న మాట, ఎక్స్‌పైరీ తేదీ కూడా చూడండి.

4. నీళ్లతో వేసుకోండి. వికారం రాకుండా ఏదైనా కొంచెం తిని వేసుకోవడం మంచిది. రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఆ మాత్ర లెక్కలోకి రాదు, ఇంకోటి వేసుకోవాలి. వాంతి అయిన సమయం గుర్తుపెట్టుకోండి.

హెచ్చరిక: టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి కార్బమజెపైన్ లేదా ఫెనిటోయిన్, హెచ్‌ఐవీకి ఎఫావిరెంజ్ వాడుతుంటే ఈ మాత్ర బలం తగ్గుతుంది. బరువు 70 కిలోలు దాటినవాళ్లలో కూడా తగ్గవచ్చు. ఇలాంటివాళ్లు మాత్ర మీదే ఆధారపడకుండా అదే రోజు డాక్టర్‌ని అడగాలి. కాపర్-టికి మందులతోగానీ బరువుతోగానీ పేచీ లేదు. మామూలు జలుబు, గొంతు నొప్పికి వాడే యాంటీబయాటిక్స్ గురించి టెన్షన్ పడక్కర్లేదు.

5. ఆ రోజు నుంచి కండోమ్ వాడండి. ఈ మొత్తం కాగితంలో నేను గీత గీసి చెప్పేది ఇదే. ఎమర్జెన్సీ మాత్ర నిన్న జరిగినదానికి. రేపటికి అది పనిచేయదు. పైగా అండం విడుదలని వెనక్కి నెట్టిందంటే ఆ విడుదల మరికొన్ని రోజులకి జరుగుతుంది. మాత్ర వేసుకున్నాం కదా అని నాలుగో రోజు జాగ్రత్త లేకుండా ఉంటే ప్రమాదం పెరుగుతుంది. నా స్టూలు మీద కూర్చున్న అమ్మాయికి మూడుసార్లు రావాల్సిన అవసరం పడింది ఇక్కడే. రోజువారీ మాత్రలు మొదలుపెట్టాలనుకుంటే మర్నాడే మొదలుపెట్టవచ్చు, కాకపోతే మొదటి 7 రోజులూ కండోమ్ తప్పనిసరి.

ఒకటికి రెండుసార్లు ఎమర్జెన్సీ మాత్ర వేసుకుంటే గర్భసంచి పాడైపోతుందని, ఇక పిల్లలు పుట్టరని భయపడి వచ్చేవాళ్లూ ఉన్నారు. అలా జరగదు. నెలసరి గందరగోళం అవుతుంది, ఖర్చు అవుతుంది, పైగా రోజువారీ పద్ధతులంత నమ్మకంగా ఇది పనిచేయదు. దీన్ని అలవాటు చేసుకోవద్దని చెప్పేది అందుకే.

6. ఫలితం ఎలా తెలుసుకోవాలి. మాత్ర వేసుకున్న నాలుగైదు రోజులకి కొంచెం రక్తం కనబడితే "హమ్మయ్య, డేట్ వచ్చేసింది" అనుకుంటారు. అది నెలసరి కాకపోవచ్చు. అది కనబడినా, కనబడకపోయినా గర్భం గురించి ఏమీ తేలదు. నెలసరి ఒక వారం ముందుగా గానీ, ఒక వారం ఆలస్యంగా గానీ రావచ్చు. వారం దాటినా రాకపోయినా, ఎప్పటిలా కాకుండా మరీ తక్కువగా వచ్చినా పరీక్ష చేసుకోండి. కలయిక జరిగి 21 రోజులు దాటాక చేసిన పరీక్ష నమ్మదగినది. మూడో రోజే, ఐదో రోజే పరీక్ష చేసి "నెగటివ్" అని నిద్రపోకండి. అప్పటికి మూత్రంలో గర్భాన్ని చూపించే హార్మోన్ కనిపించేంత ఉండదు.

పరీక్ష ఇలా చేయండి. ఉదయం మొదటి మూత్రం, శుభ్రమైన పొడి కప్పులో పట్టండి. కిట్‌ని చదునైన చోట పెట్టి, డ్రాపర్‌తో కిట్ మీద చెప్పినన్ని చుక్కలు, సాధారణంగా మూడు, గుంటలో వేయండి. ఫోన్‌లో ఐదు నిమిషాలకి టైమర్ పెట్టండి. 'సీ' దగ్గర ఒక్క గీత వస్తే గర్భం లేదు. 'సీ', 'టీ' రెండు చోట్లా వస్తే ఉంది. 'టీ' గీత లేతగా ఉన్నా అది గీతే, లేదనుకోకూడదు. 'సీ' దగ్గర అసలు గీత రాకపోతే ఆ కిట్ పనికిరాదు, ఇంకోటి తీసుకోండి. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూసి కంగారు పడే పిల్లలున్నారు. ఆలస్యంగా చూసిన గీతని లెక్కలోకి తీసుకోవద్దు.

హెచ్చరిక: పొత్తికడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే మాత్ర ప్రభావమేలే అని పడుకోకండి. గర్భం గర్భసంచి బయట నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అర్ధరాత్రయినా సరే, వార్డెన్‌ని లేపి ఆసుపత్రికి వెళ్లండి.

రెండో భాగం: వచ్చే నెలకి ఏర్పాటు

7. పద్ధతి ఎంచుకోండి. జనం మామూలుగా వాడే తీరులో ఏడాదికి వందమందిలో ఎంతమందికి గర్భం వస్తుందో చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఏ జాగ్రత్తా లేకపోతే 85 మందికి. వీర్యం పడకముందే బయటకి తీసేయడం అనే పద్ధతితో 20 మందికి. కండోమ్‌తో 13 మందికి. రోజువారీ మాత్రతో 7 మందికి. మూడు నెలల ఇంజెక్షన్‌తో నలుగురికి. కాపర్-టితో ఒక్కరికి కూడా నిండదు. కండోమ్, మాత్ర ఏమాత్రం తప్పు లేకుండా వాడితే అంకె బాగా తగ్గుతుంది, కండోమ్‌తో 2, మాత్రతో ఒకటికన్నా తక్కువ. అంటే తేడా అంతా వాడే తీరులో ఉంది. సుఖవ్యాధుల నుంచి కాపాడేది మాత్రం కండోమ్ ఒక్కటే. మీరు వేరే ఏది వాడుతున్నా కండోమ్ కూడా ఉండాలని నా మాట.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నిరోధ్ కండోమ్‌లు, మాలా-ఎన్ రోజువారీ మాత్రలు, ఛాయా వారపు మాత్రలు, మూడు నెలల అంతర ఇంజెక్షన్, కాపర్-టి అన్నీ ఉచితం. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కూడా కొన్ని దొరుకుతాయి. కానీ సొంత ఊళ్లో అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. యూనివర్సిటీ ఉన్న ఊళ్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం, హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానా, లేదా పెద్దాసుపత్రి ఫ్యామిలీ ప్లానింగ్ విభాగంలో అడగండి.

8. కండోమ్ సరిగ్గా వాడటం. మీరు చూసి సరిదిద్దాల్సింది ఇది, అతని మీదకి వదిలేయకండి. ఎక్స్‌పైరీ చూడండి. ప్యాకెట్ నొక్కితే లోపల గాలి బుడగ తగలాలి, తగలకపోతే అది చిరిగినట్టే. పంటితో చింపొద్దు. చివర చిటికెతో పట్టి గాలి తీసేసి, పూర్తిగా దించాలి. మొదట్నుంచీ ఉండాలి, మధ్యలో వేసుకుంటే చాలదు. అయిపోగానే అంచు పట్టుకుని బయటకి తీయాలి. కొబ్బరి నూనె, వాజలిన్ రాస్తే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది, నీటితో చేసిన జెల్ వాడండి. రెండు ఒకదానిమీద ఒకటి వేసుకుంటే భద్రత పెరగదు, రాపిడికి రెండూ చిరుగుతాయి. పర్సులో, బైక్ డిక్కీలో నెలల తరబడి దాచింది వేడికి పాడైపోయి ఉంటుంది.

వాడాక నీళ్లు నింపి చూస్తే చిల్లు ఉందో లేదో తెలుస్తుంది. చిల్లుంటే వెంటనే మొదటి భాగానికి రండి.

9. రోజువారీ మాత్ర మొదలుపెట్టడం. మొదటిసారి ఒక్కసారైనా డాక్టర్‌కి చూపించుకుని బీపీ చూపించుకోండి. తలనొప్పికి ముందు కళ్లముందు మెరుపులు, వంకర గీతలు కనబడే మైగ్రేన్ ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, బీపీ, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు మాలా-ఎన్ లాంటి, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు వాడకూడదు. వాళ్లకి వేరే దారులున్నాయి, డాక్టర్ చెబుతారు.

మాలా-ఎన్ స్ట్రిప్‌లో 28 బిళ్లలు. తెల్లవి 21, గోధుమరంగువి 7. తెల్లవాటిలో హార్మోన్ ఉంటుంది, గోధుమరంగువి ఐరన్. నెలసరి మొదలైన 5 రోజుల్లోపు మొదటి తెల్ల బిళ్లతో మొదలుపెడితే అప్పటి నుంచే రక్షణ. తర్వాత ఏ రోజు మొదలుపెట్టినా 7 రోజులు కండోమ్ కూడా వాడాలి. రోజూ ఒకే సమయానికి వేసుకోండి. మెస్‌లో రాత్రి భోజనం అయ్యాక అని ఒక అమ్మాయి పెట్టుకుంది, రెండేళ్లుగా ఒక్కటి తప్పలేదని చెప్పింది. అలారం పేరు మాత్రం "మాత్ర" అని పెట్టొద్దు, "ఛార్జర్" అని పెట్టుకుంటే రూమ్మేట్ అడగదు.

మర్చిపోతే:
- ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఆ రోజుది ఆ రోజు సమయానికే. ఒకే రోజు రెండు పడినా పర్వాలేదు.
- రెండు లేదా ఎక్కువ మర్చిపోతే ఆఖరుగా మర్చిపోయినది ఒక్కటి ఇప్పుడే వేసుకుని, మిగతావి వదిలేసి, 7 రోజులు కండోమ్ వాడండి.
- అది తెల్లబిళ్లల చివరి వారంలో జరిగితే గోధుమరంగువి మానేసి నేరుగా కొత్త స్ట్రిప్ మొదలుపెట్టండి.
- స్ట్రిప్ మొదటి వారంలో రెండు మర్చిపోయి, ఈ ఐదు రోజుల్లో కలయిక జరిగి ఉంటే ఎమర్జెన్సీ మాత్ర గురించి ఆలోచించాలి.

మొదటి రెండు మూడు నెలలు వికారం, నెల మధ్యలో రక్తపు చుక్కలు కనబడటం మామూలే. కానీ ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పిక్క వాచి నొప్పి పెట్టడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం కనబడితే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

10. మాత్ర రోజూ కుదరదంటే. ఛాయా అనేది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో కనిపెట్టిన హార్మోన్ కాని మాత్ర. మొదటిది నెలసరి మొదటి రోజు వేసుకోవాలి. మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆదివారం మొదలైతే ఆదివారం, బుధవారం, తర్వాత వారానికి ఒకటే. నెలసరి ఆలస్యం అవుతుంటుంది, అది చూసి కంగారు పడొద్దు, అనుమానం వస్తే పరీక్ష చేసుకోండి. పీసీఓడీ (నెలసరి తప్పుతుండే అండాశయాల సమస్య) ఉన్నవాళ్లకి ఇది సరిపడదు. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. రక్తస్రావం తేడాగా ఉంటుంది, మానేశాక తిరిగి గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుంది. రహస్యంగా ఉంచుకోవాల్సినవాళ్లకి ఇంజెక్షనే సులువు, స్ట్రిప్ ఎక్కడా దాచక్కర్లేదు.

నేను ఎక్కువగా చూసే పొరపాట్లు

పూజ ఉందని, అక్క పెళ్లి ఉందని నెలసరిని వెనక్కి జరపడానికి వాడే బిళ్లలు ఉంటాయి, నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు. వాటిని వేసుకుంటున్నాం కదా, గర్భం రాదనుకునేవాళ్లు చాలామంది. ఆ బిళ్లలు గర్భనిరోధం కోసం కాదు, వాటిని నమ్ముకోకండి.

సేఫ్ డేస్ లెక్క, అంటే గర్భం రాదనుకునే రోజులు చూసుకోవడం. నెలసరి ఠంచనుగా 28 రోజులకి వచ్చేవాళ్లకే అది నిలకడగా ఉండదు. పరీక్షల టెన్షన్, నిద్ర లేకపోవడం, హాస్టల్ తిండి, పీసీఓడీ, వీటితో తేదీలు జరిగే వయసులో అసలు పనికిరాదు.

బొప్పాయి, నువ్వులు బెల్లం, అనాస తిని నెలసరి తెప్పించుకోవాలని చూసి మూడు వారాలు పోగొట్టుకున్న అమ్మాయి ఒకరు నా దగ్గరికి వచ్చింది. అవి ఆహారం, మందు కాదు. అనుమానం ఉంటే ముందు పరీక్ష.

ఫ్రెండ్ స్ట్రిప్‌లోంచి నాలుగు బిళ్లలు తెచ్చుకోవడం. మాత్ర రక్షణ వరుసగా వేసుకుంటేనే వస్తుంది. ఆ నాలుగూ మీకూ పనికిరావు, ఆమె లెక్కా తప్పుతుంది.

పీసీఓడీకో, మొటిమలకో డాక్టర్ ఇవే మాత్రల్లాంటివి రాస్తే ఇంట్లో స్ట్రిప్ చూసి గొడవైన కేసులు రెండు మూడు తెలుసు. చీటీ స్ట్రిప్‌తోపాటే ఉంచుకోండి.

డాక్టర్ దగ్గర ఎలా మాట్లాడాలి

"పెళ్లయిందా?" అన్న ప్రశ్న ఓపీలో తప్పకుండా వస్తుంది. "లేదు మేడమ్. గర్భనిరోధం గురించి సలహా కావాలి" అని ఒక్క వాక్యంలో చెప్పండి. కథ చెప్పక్కర్లేదు, క్షమాపణ అసలే అక్కర్లేదు. ఆవిడ విసుక్కుంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ విషయమే వదిలేయకండి.

పరీక్షలో గర్భం ఉందని తేలితే: మందుల షాపులో చీటీ లేకుండా అబార్షన్ కిట్ కొనొద్దు. నేనైతే అమ్మను. ఆ మాత్రలు 9 వారాల్లోపు డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సినవి. ఎన్ని వారాలో, గర్భం ఎక్కడుందో స్కాన్‌తో చూడకుండా వేసుకుంటే రక్తస్రావం ఆగక ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. గంటకి రెండు ప్యాడ్లు తడిసిపోతూ రెండు గంటలు గడిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మన దేశంలో 1971 నాటి గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, గర్భనిరోధం విఫలమైందన్న కారణం పెళ్లికానివాళ్లకీ వర్తిస్తుంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, 20 నుంచి 24 వారాల మధ్య చట్టం కొందరికి ఇచ్చే హక్కు పెళ్లికానివాళ్లకీ ఉంటుందని తీర్పు ఇచ్చింది. 18 నిండితే మీ సంతకం ఒక్కటే కావాలి, తల్లిదండ్రులది గానీ అతనిది గానీ అక్కర్లేదు. మీ పేరు బయటపెట్టకూడదన్నది కూడా చట్టమే.

మీ ఇష్టం లేకుండా జరిగితే లెక్క వేరు. పోలీసు కేసు పెట్టినా పెట్టకపోయినా, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా ఉచితంగా వైద్యం చేయాలి. ఎమర్జెన్సీ మాత్రతోపాటు హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులూ ఉంటాయి, వాటికీ 72 గంటలే గడువు. 181కి ఫోన్ చేస్తే తోడు దొరుకుతుంది.

ఎం.ఎస్. కోసం అమెరికా, ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకి: ఇదే ఎమర్జెన్సీ మాత్ర అక్కడా చీటీ లేకుండా దొరుకుతుంది. యూలిప్రిస్టల్ అనే ఇంకో రకం 5 రోజుల దాకా పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లో గర్భనిరోధకాలు ప్రభుత్వ వైద్యంలో ఉచితం.

ఇక సంక్రాంతి సెలవుల సంగతి. మాత్రలు మర్చిపోయామని వచ్చేవాళ్లు జనవరి మూడో వారంలో ఎక్కువ. స్ట్రిప్ హాస్టల్ బీరువాలో ఉండిపోతుంది, అమ్మాయి ఊళ్లో పది రోజులు ఉంటుంది. బస్సెక్కేముందు స్ట్రిప్‌ని కళ్లజోడు పెట్టెలోనో, ప్యాడ్స్ ప్యాకెట్ మధ్యలోనో పెట్టి బ్యాగులో వేసుకోండి. కుదరదనిపిస్తే ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆపేసి, తిరిగొచ్చాక కొత్త స్ట్రిప్ మొదటి బిళ్లతో మొదలుపెట్టి, 7 రోజులు కండోమ్ వాడండి. కాకపోతే బయల్దేరడానికి ముందు ఐదు రోజుల్లో కలయిక జరిగి ఉంటే ఆపేయడం మంచిది కాదు. అలాంటప్పుడు స్ట్రిప్ వెంట ఉండాల్సిందే.